హోయిట్ చూసిన ఆట

హోయిట్ క్రెన్‌షా టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అది చూడగానే ఓపల్ గాట్లిన్‌కి ఒళ్ళు మండింది. టోపీ నెత్తిమీద ఉన్నంతసేపూ హోయిట్ కోసేవి చిన్నా చితకా కోతలు, చెవిన పడ్డా పెద్ద నష్టం లేదు. టోపీ తీశాడంటే మాత్రం పొలాలకి పొలాలే కోసేస్తాడు. వినేవాళ్ళ కాఫీ చల్లారిపోతుంది, వండేదాని పెనం మాడిపోతుంది, చెప్పేవాడికి మాత్రం అలుపూ సొలుపూ ఉండదు.

“ఇవాళొద్దు దేవుడా,” అనుకుంది పిండి మీద అప్పడాలకర్ర దొర్లిస్తూ. “ఈ ఒక్క పూటకి ఈ మనిషి గొంతు పట్టేయకూడదా!”

ఇవాళ మామూలు మంగళవారం కాదు మరి. పికెట్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ లేడు. జట్టు పేరు కొంగలు. పేరుకి ఫుట్‌బాలే గానీ, అమెరికాలో దాన్ని బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తి ఆడతారు. ఈ ఏడాది ఆ కొంగలు వరసపెట్టి ఓడిపోతూ వచ్చేసరికి జనం తిట్లు పడలేక కాలేజీవాళ్ళు పాత కోచ్‌ని ఇంటికి పంపేశారు. మిగిలిన ఒకే ఒక్క ఆటకి, జుట్టు నెరిసేదాకా అసిస్టెంటుగానే ఉండిపోయిన ఒకాయన చేతిలో జట్టుని పెట్టారు. ఆ ఆట గెలిచారు. అదీ ఎవరి మీద? బద్ధశత్రువు డెల్టన్ కాలేజీ మీద! ఆ అసిస్టెంటు పేరు వెండెల్ గాట్లిన్, ఓపల్‌కి సొంత తమ్ముడు.

ఇప్పుడిక అసలు కోచ్ ఎవరన్నది తేలాలి. మిసిసిపీలో ఇది పెళ్ళి సంబంధం కంటే పెద్ద విషయం. పికెట్స్ లాండింగ్ ఊళ్ళో ఆ సంగతి తేల్చేది, పేరుకి కాలేజీ ప్రెసిడెంటే అయినా, నిజానికి ఓపల్ హోటల్లో ప్రతి మంగళవారం పొద్దున బిస్కట్లనే మెత్తటి వేడి రొట్టెలు, వాటి మీద చిక్కటి గ్రేవీ పోయించుకుని తినే క్లబ్బు. స్టేడియంలో లైట్లు వేయించింది ఆ క్లబ్బే, జట్టుకి బస్సు కొనిచ్చింది ఆ క్లబ్బే. వాళ్ళు ఒక పేరు చెబితే ప్రెసిడెంటు కాదనడు. ఈ పొద్దున టిఫిన్లు కాగానే క్లబ్బు పెద్ద డార్నెల్ బివెన్స్ ఇక్కణ్ణించి నేరుగా కాలేజీకి వెళ్ళి ఆ పేరు చెప్పి రావాలి.

బయటి కోచ్ వస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, ఉన్నవాళ్ళందరికీ ఉద్వాసన. వెండెల్‌కి ఇంకా రిటైరయ్యే వయసు రాలేదు, ఇంకోచోట పిలిచి ఉద్యోగమిచ్చే వయసా దాటిపోయింది. ఇప్పటికే రెండుసార్లు పెద్ద కుర్చీ అతని ముక్కు ముందునుంచి ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఇంత జరిగినా నిన్న సాయంత్రం వచ్చి ఏమన్నాడు? “క్లబ్బువాళ్ళ ముందు నా పేరెత్తొద్దక్కా. నీ బిస్కట్లు తిన్న మొహమాటానికి నన్ను కోచ్‌ని చేశారంటే నాకు తలవంపులు” అన్నాడు. ఓపల్ సరేనంది. అప్పట్నుంచి నోరు కుట్టేసుకుని కూర్చుంది, లోపల మాత్రం కుతకుత ఉడికిపోతోంది.

బల్ల చుట్టూ నలుగురే ఉన్నారు. డార్నెల్‌ది శవపేటికలు అమ్మి అంత్యక్రియలు జరిపించే వ్యాపారం, తండ్రి నుంచి వచ్చింది. క్లబ్బు పెద్దరికమూ ఆయన్నుంచే వచ్చింది. ఏ మాటైనా గంభీరంగా వింటాడు, విన్నదల్లా నమ్ముతాడు. పక్కన ట్రాక్టర్ల మెకానిక్కు కర్టిస్, ఏదీ నమ్మడు. ఆ పక్కన మిస్ జునీటా పూల్, కాలేజీ బ్యాండుకి ఒకప్పుడు టీచరమ్మ, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. బల్ల కొసన హోయిట్.

“ఆర్కెన్సాలో ఒకడున్నాడు, గట్టివాడంటున్నారు,” అన్నాడు డార్నెల్.

“గట్టివాడే. పోయిన జట్టునీ గట్టిగానే ముంచాడు,” అన్నాడు కర్టిస్.

“ఆర్కెన్సా లేదు, అలబామా లేదు,” హోయిట్ టోపీని కొంచెం ముందుకి జరిపాడు. “మీకు కావలసినవాడు టై బ్రానిగన్. టెక్సస్‌లో ఉన్నాడు. నేను చెబితే వస్తాడు.”

“నువ్వు చెబితే?” అన్నాడు కర్టిస్.

“అసలు వాణ్ణి కోచ్‌ని చేసిందే నేను కదా!”

ఓపల్ అప్పడాలకర్రని ఠపీమని బల్లకేసి కొట్టింది. ఎవరూ తిరిగి చూడలేదు.

“అయ్యో, నేనేదో గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి,” హోయిట్ కుర్చీలో వెనక్కి వాలాడు. “నేను పెద్దగా చేసిందేం లేదు బాబూ. చాలా చిన్న సాయం. వాన ఆట గుర్తుందిగా?”

గుర్తులేకపోవడమేమిటి! ఆ ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. ఎన్నో ఏళ్ళ కిందట కుండపోత వానలో, ఆఖరి నిమిషంలో డెల్టన్‌ని ఓడించిన ఆట. సన్నగా చురుగ్గా ఉన్న పిల్లలందర్నీ పక్కనపెట్టి, ముందు వరసలో గోడలా నిలబడే మూస్ టిబ్స్ అనే లావాటి కుర్రాడికి బంతి ఇమ్మని మన బెంచీ నుంచి ఎవరో చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక చేత్తో బంతి పట్టినవాడు కాదు మూస్. పట్టాడు, గీత దాటాడు, టచ్‌డౌన్! ఆ ఎత్తు వేసిందెవరో అప్పటి పెద్ద కోచ్ బయటపెట్టకుండానే పోయాడు. ఓపల్‌కి తెలుసు. చెప్పుకోవడం ఇష్టంలేని తమ్ముడు ఉంటే తెలిసీ ఏం లాభం!

“ఆ రోజు నేను మన బెంచీ వెనక కంచె పట్టుకుని నిలబడ్డాను,” అన్నాడు హోయిట్. “చేతిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం. బ్రానిగన్ అప్పటికి నూనూగు మీసాలవాడు, కోచ్‌లకి తువ్వాళ్ళు అందించే పని. పాపం తడిసి ముద్దయిపోయి వణుకుతున్నాడు. నాకు జాలేసింది. ‘ఇంద నాయనా, వేడిగా ఉన్నాయి’ అని గుప్పెడు కాయలు చేతిలో పోశాను. అంతే. నేను చేసింది అదే.”

“అంతేనా? దీనికా టోపీ తీశావ్?” అన్నాడు కర్టిస్.

“చెప్పనిస్తేగా! వాడు కాయలు తింటూ ఏడుస్తున్నాడు, ‘ఓడిపోతున్నాం హోయిట్ మావా’ అని. ‘ఓరి పిచ్చోడా, ఇటు చూడు’ అని కంచె చెక్క మీద కాయలు పేర్చాను. ఇవి మనవాళ్ళు, ఇవి డెల్టన్ వాళ్ళు. ‘అందరూ సన్నకాయలకేసి చూస్తారు, నువ్వు లావుకాయకివ్వు’ అన్నాను. వాడి కళ్ళు ఇంతయ్యాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద కోచ్ గిర్రున వెనక్కి తిరిగి, ‘ఎవడ్రా ఆ మాటన్నది?’ అని గావుకేక పెట్టాడు. స్టేడియం అంతా గప్‌చుప్. నేను పారిపోదామనుకున్నా, నిజం చెబుతున్నా. ఇంతలో ఇద్దరు పోలీసులొచ్చి నా రెండు చంకల్లో చేతులేసి కంచె మీదనుంచి అమాంతం లోపలికి దించారు. దించీ దించగానే ఆయన చెవుల్లో ఉన్న హెడ్‌సెట్టు తీసి నా నెత్తిన పెట్టేసి, ‘ఇక నీదే భారం’ అని బెంచీ మీద కూలబడ్డాడు.”

డార్నెల్ ఫోర్కు కింద పెట్టేశాడు. “మా నాన్న ఈ సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదే!”

“మీ నాన్న గుట్టు మనిషి,” అన్నాడు హోయిట్ చటుక్కున.

ఓపల్ పొయ్యిలోంచి బిస్కట్ల పళ్ళెం లాగి బల్ల దగ్గరికి తెచ్చింది. ఒక్కొక్కరి ముందు రెండేసి పెట్టి గ్రేవీ పోసింది. హోయిట్ పళ్ళెంలో ఒకటే పడేసింది. అతను గమనించే స్థితిలో లేడు.

“హెడ్‌సెట్టు పెట్టుకుని చూద్దును కదా, బంతి విసిరే మన క్వార్టర్‌బ్యాక్ భుజం జారి ఇక్కడ వేలాడుతోంది! డాక్టరు చేతులెత్తేశాడు. నేను మోకాలు అడ్డం పెట్టి ఒక్క గుంజు గుంజాను, టకీమని పడింది, పాత ట్రాక్టరుకి గేరు పడ్డట్టు. కర్టిస్‌కి తెలుస్తుంది ఆ చప్పుడు.”

“నన్నెందుకు మధ్యలో లాగుతావ్?”

“ఇక మూస్‌ని పిలిచాను. వస్తున్నాడు, వస్తున్నాడు, కుంటుతూ వస్తున్నాడు. ఏమిట్రా అంటే, బురదలో బూటు కూరుకుపోయిందట. వెతికే టైమెక్కడిది? నా బూటు తీసి ఇచ్చేశాను. ఆవు తోలు బూటు, మా నాన్న తొడిగింది.”

“వాడి పాదం పడవంత ఉండేది. నీది చూస్తే ఆడపిల్ల పాదం,” అన్నాడు కర్టిస్. “ఎలా పట్టిందయ్యా?”

“తడి తోలు బాబూ. సాగుతుంది.”

మిస్ జునీటా కాఫీలో చెంచా తిప్పుతూ ఉండిపోయింది. నవ్వు ఆపుకుంటోందో, విసుగు ఆపుకుంటోందో ఓపల్‌కి తెలియలేదు.

“క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరాడు. నేను బాగుచేసిన భుజం కదా, బలం మరీ ఎక్కువైపోయింది! బంతి లేచింది, లేచింది, లైట్లు దాటింది, మబ్బుల్లో దూరింది. జనమంతా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు, నోళ్ళలో వాన పడుతోంది. డెల్టన్ బ్యాండువాళ్ళ బాకాలు నిండిపోయి నీళ్ళు పొర్లుతున్నాయి. బంతి రాదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నదివైపు నుంచి ఒక కొంగ వచ్చింది. నిజం కొంగ. బంతిని ముక్కున కరుచుకుని మబ్బులోంచి బయటికొచ్చింది! డెల్టన్ వైపు పోతోంది! నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను. అది నా ఈల గుర్తుపట్టింది. పిల్లగా ఉన్నప్పుడు రెక్క విరిగితే మా ఇంట్లో పెట్టుకుని చేపలు మేపి సాకింది నేనే మరి. గిర్రున తిరిగొచ్చి మూస్ చేతుల్లో బంతి వదిలేసి నాకేసి ఒక చూపు చూసి పోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.”

“ఆ రోజు బ్యాండు నాదే హోయిట్,” అంది మిస్ జునీటా. “మైదానం అంచునే ఉన్నాను. నాకు కొంగ కనపడలేదే?”

“మీరు బ్యాండు పిల్లల వైపు తిరిగి చేతులూపుతున్నారు మిస్ జునీటా. మైదానం మీ వీపు వెనకుంది.”

“అది మాత్రం నిజమే,” అని ఒప్పుకుందావిడ.

“సరే, మూస్ పరిగెత్తాడు. వాడి పరుగు మీకు తెలుసుగా, చూసేవాళ్ళకి ఆయాసం. గీతకి జానెడు దూరంలో బురదలో బోర్లా పడ్డాడు. డెల్టన్ వాళ్ళు పదకొండుమందీ మీదికొస్తున్నారు. నేనేం చేయను? మీద చెయ్యి వేస్తే ఫౌలంటారు. అదృష్టం కొద్దీ వానలో తడిసిన జలుబు, ముక్కు పుటాలు అదురుతున్నాయి. వాడి వెనక నిలబడి ఒక్క తుమ్ము తుమ్మాను. నా తుమ్ము సంగతి మా ఆవిణ్ణడగండి, కిటికీ రెక్కలు ఊడొస్తాయి. మూస్ బురద మీద సర్రున జారి గీత దాటి, గోల్‌పోస్టులు దాటి, డెల్టన్ బ్యాండులో పెద్ద డ్రమ్ములో తల దూర్చి ఆగాడు!”

కర్టిస్ పగలబడి నవ్వాడు. డార్నెల్ మాత్రం, “తుమ్ముకి ఫౌలు లేదా?” అని అడిగాడు, నిజంగానే.

“నియమాల్లో ఎక్కడా లేదు. నేను కనుక్కున్నాను. ఇక జనం మైదానంలోకి దూకి గోల్‌పోస్టులు పీకేశారు కదా, నదిలో పారేద్దామని. మోయలేక మధ్యలో కూలబడ్డారు. నేను చెరో భుజం మీదా చెరొకటి వేసుకున్నాను. దూలాల మీద బ్యాండు పిల్లలు ఎక్కి కూర్చుని వాయిస్తున్నారు కూడా. వంతెన మీదికొచ్చేసరికి పైనుంచి హెలికాప్టరు దిగింది. ఎవరనుకున్నారు? గవర్నరు! పైజామాలో ఉన్నాడు పాపం, అలాగే లేచొచ్చాడు. ‘హోయిట్, రేపట్నుంచి పికెట్ స్టేట్ కోచ్‌వి నువ్వే, ఇది నా ఆర్డరు’ అన్నాడు. ‘క్షమించండి సార్, నా కోళ్ళకి మేతెవరు వేస్తారు? నాకంటే మంచివాణ్ణి చూపిస్తా’ అని బ్రానిగన్ చెయ్యి పట్టి ఆయన చేతిలో పెట్టాను. కన్యాదానం చేసినట్టే అనుకోండి. వాడు ఇవాళ టెక్సస్‌లో పళ్ళు తళతళలాడించుకుంటూ తిరుగుతున్నాడంటే ఆ చలవే!”

డార్నెల్ మూతి తుడుచుకున్నాడు. గోడ గడియారం చూశాడు. “నాకు కొంగ సంగతి కొంచెం అటూ ఇటూగా ఉంది గానీ, బ్రానిగన్ మనవాడని ఒప్పుకోవాలి. మన బురదలో తిరిగినవాడు. ఆ పేరే చెప్పమంటారా?”

“మరి వెండెల్?” అన్నాడు కర్టిస్. “డెల్టన్‌ని కొట్టాడు కదయ్యా మొన్న. వాన ఆటప్పుడూ బెంచీ మీద ఉన్నాడుగా?”

ఓపల్ చేతిలో గ్రేవీ గరిటె ఆగిపోయింది.

కోతల వేగంలో ఉన్నాడు హోయిట్, పగ్గాలు ఎక్కడున్నాయో తనకే తెలియదు. “వెండెలా? మంచివాడే పాపం. ఆ రోజు ఏదో మూల బంతులు తుడుస్తున్నాడు. వెండెల్ ఎప్పుడూ అంతే, ఒక మూల.”

గరిటె గిన్నెలో పడింది. గ్రేవీ చింది డార్నెల్ టై మీద పడింది. “నీకు సిగ్గుందా హోయిట్ క్రెన్‌షా!” అంది ఓపల్.

“ఏమైంది తల్లీ?”

“తల్లీ గిల్లీ అన్నావంటే ఈ గిన్నె నెత్తిన బోర్లిస్తాను! ఆ ఆట నువ్వు చూశావా? నా మొహం చూసి చెప్పు. చూశావా?”

హోయిట్ టోపీ తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. “ఓపల్,” అన్నాడు మెల్లగా, “మాటిచ్చావు.”

“ఇచ్చాను. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను. కొంగలు తెచ్చావు, ఊరుకున్నాను. గవర్నరుని పైజామాలో తెచ్చావు, ఊరుకున్నాను. నా తమ్ముణ్ణి మూల కూర్చోబెట్టాక ఇంకా ఎందుకు ఊరుకోవాలి?” ఆమె మిగతావాళ్ళ వైపు తిరిగింది. “ఆ రోజు ఈ మనిషి స్టేడియంలో లేడు. ఇదిగో, ఈ వెనకున్న నా సామాన్ల గదిలో ఉన్నాడు. పిండి బస్తా మీద కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని. రేడియో లేదు, టీవీ లేదు, వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.”

“ఎందుకు?” అన్నాడు డార్నెల్.

“ఎందుకేమిటి? ఇతను చూస్తే కొంగలు ఓడిపోతాయి గనక! ఆ ఏడాది గేటు దాటి లోపలికొచ్చినప్పుడల్లా ఓడాం. ఒకసారి మధ్యలో బాత్‌రూముకి లేచెళ్ళాడు, టచ్‌డౌన్. తిరిగొచ్చి కూర్చున్నాడు, బంతి జారిపోయింది. మీ నాన్న కనిపెట్టాడు డార్నెల్. డెల్టన్ ఆట ముందు రోజు వచ్చి, ‘వీణ్ణి ఎక్కడైనా దాచాలి ఓపల్, చూపు పడకూడదు, నువ్వు దగ్గరుండి కాపలా కాయాలి’ అన్నాడు.”

బల్ల దగ్గర ఒక్కరు కూడా ఇదేం పిచ్చి అనలేదు. కొంగల అభిమానులకి ఇందులో వింతేమీ కనపడలేదు. డార్నెల్ అయితే తండ్రి తెలివికి తల పంకించాడు.

“లావాటి కుర్రాడికి బంతి ఇమ్మన్నది వెండెల్,” అంది ఓపల్. “వాడి జీవితం మొత్తానికి ఒక్క పెద్ద రోజు. ఊరంతా చూసింది. సొంత అక్కని, నేను చూడలేదు. ఊరు ఊరంతా హోరుమని అరిచినప్పుడు నేను ఆ గదిలో ఈ మనిషి మొహం చూస్తూ కూర్చున్నాను!”

హోయిట్ తల ఎత్తలేదు. పళ్ళెంలో ఉన్న ఒక్క బిస్కట్‌నీ వేలితో అటూ ఇటూ కదిపాడు.

“ఓహో!” అన్నాడు కర్టిస్ ఉన్నట్టుండి. “అందుకా నువ్వు ప్రతి ఆటకీ గేటు బయట ఇనప డ్రమ్ము పెట్టుకుని పందిమాంసానికి పొగబెడుతూ ఉండిపోతావు? లోపలికి రారా అంటే, మాడిపోతుంది మాడిపోతుంది అంటావు. నేనింకా నీకు మాంసం పిచ్చి అనుకున్నాను.”

“ఆ రోజు తర్వాత మళ్ళీ గేటు దాటలేదు,” అన్నాడు హోయిట్. ఆ మాటకి చేతులూపలేదు, కుర్చీలో వాలలేదు.

అందరూ కాసేపు కాఫీలు తాగారు. ఓపల్‌కి అప్పుడే కొంచెం గిల్టీగా అనిపించడం మొదలైంది. అంతలోనే డార్నెల్ కప్పు కింద పెట్టి, “ఆగండాగండి” అన్నాడు. “ఇతను చూడటం మానేస్తే మరి ఈ ఏడాది ఎందుకు ఓడాం?”

అందరి కళ్ళూ హోయిట్ మీద పడ్డాయి.

“అదీ,” అన్నాడు హోయిట్. “మా అమ్మాయి నాకు కొత్త ఫోను కొనిచ్చింది.”

“అయితే?”

“ఫోనులో ఆటలు వస్తాయి. నేనేం పూర్తిగా చూడలేదు. డ్రమ్ము మూత తీసేటప్పుడు ఒకసారి, వేసేటప్పుడు ఒకసారి. ఊరికే స్కోరెంతయిందా అని—”

“ఓరి నీ ఇల్లు బంగారం గానూ!” కర్టిస్ లేచి నిలబడ్డాడు. “ఏడాదంతా చూశావా?”

“కొంచెం కొంచెం చూశాను.”

“కొంచెమేమిట్రా, విషం కొంచెమైతే చావరా?” డార్నెల్ గొంతు మొదటిసారి పెరిగింది. “ఆ కోచ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాం. వాళ్ళావిడ చర్చికి రావడం మానేసింది. ఆయన సామాను లారీకెక్కిస్తుంటే నేను రోడ్డు మీద నిలబడి చూశాను. తప్పంతా నీ ఫోనుదన్నమాట!”

ఓపల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మనుషులకి కోచ్‌ని ఎన్నుకునే పని ఎవరప్పగించారు! నెత్తి బాదుకుందామనుకునేంతలో కర్టిస్ అడగనే అడిగాడు, ఆమె భయపడిన ప్రశ్న.

“మరి మొన్నటి డెల్టన్ ఆట? అది గెలిచాం కదా. ఆ రోజు చూళ్ళేదా?”

ఓపల్ హోయిట్ వైపు తిరిగింది. చూడలేదంటే అయిపోయిందే! వెండెల్ వారమంతా ఇంటికి పోకుండా స్టేడియంలోనే పడుకున్నదీ, పిల్లల్ని ఒక్కొక్కణ్ణి పిలిచి భుజం తట్టిందీ లెక్కలోకి రావు. హోయిట్ ఫోను మూసుకున్నాడు కాబట్టి గెలిచామంటారు, అంతే. డార్నెల్ లేచి వెళ్ళి బ్రానిగన్ పేరు చెప్పేస్తాడు. ఆమె తను తెరిచిన నోటిని తనే తిట్టుకుంది.

హోయిట్ ఓపల్ వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

“చూశాను,” అన్నాడు.

“ఎంత?”

“మొత్తం. మొదటినుంచి చివరిదాకా. మాంసం మాడిపోయింది కూడా, ఆ రోజు ఎవరికీ పెట్టలేదు నేను.”

“నువ్వు చూస్తూ ఉండగా గెలిచామా?” డార్నెల్ కుర్చీని వెనక్కి తోసుకుంటూ లేచాడు. “నువ్వు! కళ్ళప్పగించి చూస్తుండగా!”

“నేను గెలిపించలేదు డార్నెల్. వెండెల్ గెలిపించాడు.” హోయిట్ అక్కడితో ఆపేశాడు. కొంగ రాలేదు, గవర్నరు రాలేదు. ఓపల్ ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది, ఏమీ రాలేదు.

“మీ నాన్నకి కూడా నన్ను గదిలో పెట్టాల్సొచ్చింది,” అన్నాడు హోయిట్ కాసేపటికి. “వెండెల్‌కి ఆ అవసరం పడలేదు.”

డార్నెల్ కోటు తగిలించుకుంటున్నాడు అప్పటికే. “కర్టిస్?”

“ఇంకా అడుగుతావేమయ్యా! వీడి చూపుని తట్టుకున్నవాడు టెక్సస్‌లో దొరుకుతాడా? వెండెల్!”

“మిస్ జునీటా?”

“నేనెప్పుడో అనుకున్నాను, వెండెలే అని. మీ గోలలో నన్నడిగిందెవరు?”

గ్రేవీ మరక టైతోనే డార్నెల్ బయటికి నడిచాడు, పెద్ద బాధ్యత మోస్తున్నవాడిలా. కర్టిస్ అతని వెనకే పరిగెత్తాడు, దారిలో మనసు మార్చుకోకుండా చూడాలని. బండి స్టార్టయిన చప్పుడు వినపడేదాకా ఓపల్ కౌంటరు పట్టుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకుంటే చేతి పిండి చెంపకి అంటింది.

మిస్ జునీటా కర్ర వెతుక్కుని మెల్లగా లేచింది. తలుపుదాకా వెళ్ళి ఆగింది. “నా మోకాలు వాచిపోయి డెల్టన్ ఆటకి రాలేకపోయాను, తెలుసుగా,” అంది. “ఊరంతా స్టేడియంలో ఉంటే నేనొక్కదాన్నే ఇంట్లో. టీవీ పెట్టాను, తెర నల్లగా ఉంది. మనవరాలి ఫోనులో పెట్టించాను, అదీ నల్లగానే ఉంది. కాలేజీవాళ్ళ కెమెరా ఏదో పాడైందట, ఆ రోజు ఆట ఎక్కడా రాలేదు. చివరికి రేడియో పెట్టుకున్నాను.” ఆవిడ హోయిట్ వైపు చూసింది. “నీ ఫోను చాలా మంచిదే హోయిట్.”

తలుపు మూసుకుంది.

హోయిట్ టోపీని తీయబోయి మళ్ళీ కిందికి లాక్కున్నాడు. “డార్నెల్ ఇంకా వంతెన దాటి ఉండడు,” అన్నాడు చివరికి, బల్లకేసి చూస్తూ. “వెనక్కి పిలవమంటావా?”

ఓపల్ పొయ్యి దగ్గరికెళ్ళింది. వేడివి రెండు బిస్కట్లు తెచ్చి అతని పళ్ళెంలో వేసింది. గరిటెడు గ్రేవీ పోసింది, చాలదన్నట్టు ఇంకో గరిటె పోసింది.

“నోరు మూసుకుని తిను హోయిట్,” అంది.

అతను తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.